యాభై ఒకటో ఇంటికి సున్నా రోజులు

నా చేతిరాత బాగుంటుంది. గీత దాటదు, కొట్టివేతలు ఉండవు. ఆ చక్కటి రాతతోనే ఒక మనిషి ముప్పై రెండు రోజుల కష్టాన్ని సున్నా చేసిన. కావాలని చేయలేదు. ఎంతో జాగ్రత్తగా చేసిన.

నేను ఇరవై తొమ్మిదేండ్లు ఊర్లలో పనిచేసిన. ఆఫీసు సంగారెడ్డిలో. తిరిగింది పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెలు, మొదట్లో కొన్నేండ్లు జోగిపేట వైపు. కాగితం మీద నా ఉద్యోగం పేరు సామాజిక సమన్వయకర్త. ఊర్లలో మాత్రం ‘మీటింగు మేడం’ అనేవారు. రెండోదే సరైన పేరు. ఊరిని ఒకచోట కూర్చోబెట్టాలె. తనకేం కావాలో ఊరే చెప్పాలె, ఊరే చేసుకోవాలె. మా సంస్థ పారలు, గంపలు, ట్రాక్టర్లు ఇస్తుంది. నిర్ణయం ఊరిది, చెమట ఊరిది. ట్రైనింగులో మీకూ ఇదే చెప్పి ఉంటారు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీకోసం ఒక్క ఊరి సంగతి రాస్తున్న. నేను రిటైర్ కావడానికి నాలుగేండ్ల ముందు జరిగింది. ఊరి పేరు రాయను. పాశమైలారం పోయే కంపెనీ బస్సులు తెల్లారగట్ల ఆగే ఊర్లలో అదొకటి. అరవై ఇండ్లు. ఇరవై తొమ్మిదేండ్లలో నా చేతుల మీద బాగా జరిగిందని నేను అందరికీ చెప్పుకున్న పని ఆ ఒక్కటే. అందుకే అదే రాయాలె.

నంబర్లు ఎట్లా వచ్చినయి

ముందు మా పెద్దసారు గురించి చెప్పాలె. నాకు ఈ పని నేర్పింది ఆయనే. కోపిష్ఠి, నిజాయితీపరుడు.

నేను చేరిన మొదటి ఏడు జోగిపేట పక్క ఒక ఊర్లో మామిడి మొక్కలు పంచినం. నాలుగు వందల మొక్కలు. నేను జాబితా రాయలేదు. అందరూ సంతోషంగా తీసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డ. ఆరు నెలల తర్వాత పోతే మూడు వందల పదకొండు మొక్కలు ఒక్క ఆసామి తోటలో ఉన్నయి. నేనే నడిచి లెక్కపెట్టిన.

సారు అడిగారు: “ఎవరికిచ్చినవ్ మొక్కలు?”

“అందరికీ ఇచ్చిన సార్.”

“అందరంటే ఎవరు? ఇంటి నంబరు చెప్పు.”

ఆ రోజు నుంచి నేను మనుషులను ఇంటి నంబర్లతో రాయడం మొదలుపెట్టిన. ఒక ఊర్లో నలుగురు నర్సమ్మలు, ముగ్గురు మల్లయ్యలు ఉంటారు. నంబరైతే ఒక్కటే ఉంటుంది. ఎంత శుభ్రమైన పద్ధతి అనుకున్న. ఇరవై అయిదేండ్లు దాని మీదనే నడిచిన. నా రిజిస్టర్లు చూపించి కొత్తవాళ్లకు పాఠాలు చెప్పేవారు.

కుంట

ఆ ఊరి కింద ఒక కుంట ఉన్నది. ప్రభుత్వం వాళ్లు పూడిక తీసే పెద్ద చెరువుల లెక్కలోకి రానంత చిన్నది. పూడిపోయి, తుమ్మలు మొలిచి, వానాకాలం నెల రోజులు నీళ్లుంటే గొప్ప. దాని కిందివి చెల్కలు. ఎర్రమట్టి, మొరం, వాన పడ్డ మూడో రోజుకే ఎండిపోయే నేల. సగం మంది చేన్లు వదిలేసి కంపెనీలకు పోతున్నారు.

మీటింగు పెడితే ఊరే అన్నది, కుంట పూడిక తీద్దాం, ఆ నల్లమట్టి చేన్లలో పోసుకుందాం అని. నాకు పట్టరాని సంతోషం. నేను నోరు తెరవకముందే ఊరు తన పని తాను చెప్పింది. అక్కడే తీర్మానం రాసిన. అయిదు మాటలు.

ఇంటికి ఇరవై రోజుల పని. ఇరవై రోజులు నిండిన ఇండ్లకే మట్టి. రోజూ హాజరు పిలిచినప్పుడు ఒక మనిషి ఒక్కసారే ‘ఉన్న’ అనాలె. మట్టి పంపకం పూర్తయ్యేదాకా కుంటలోకి గాని కట్ట కాడికి గాని ఏ జేసీబీ మిషనూ దిగొద్దు. ఈ నాలుగూ నేను అనుకుని వచ్చినవే. అయిదోది అక్కడ పుట్టింది.

విఠల్‌రెడ్డి పటేలు లేచాడు. పన్నెండో నంబరు ఇల్లు. మర్యాదస్తుడు, మీటింగుకు మొదట వచ్చి చివర పోయే మనిషి.

“మేడం, మా ఇంట్ల ఇద్దరు పోరగాండ్లు కంపెనీ డ్యూటీల ఉంటరు. నాకా, మోకాళ్లు నొస్తయి. మా తరఫున బదులు మనిషిని పంపొచ్చా?”

“పంపొచ్చు,” అన్న. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పెద్ద ఇండ్లు కూడా కలిసి వస్తున్నయని మురిసిపోయిన. అదే అయిదో మాట. రెండుసార్లు చదివి వినిపించిన. అందరూ సంతకాలు పెట్టారు, రాయడం రానివాళ్లు వేలిముద్ర వేశారు.

తల ఎత్తని హాజరు

ఉగాది అయిన తొమ్మిదో రోజు పని మొదలు. ముప్పై రెండు రోజులు నడిచింది. పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర దాకా. మొదటి బస్సుకు దిగి, కట్ట మీద ఒక గంప బోర్లించుకుని, దాని మీద కూర్చుని రిజిస్టరు తెరిచేదాన్ని.

“పన్నెండు?”

“ఉన్న.”

“పదమూడు?”

“ఉన్న.”

గీత గీసి టిక్కు పెట్టడం. తల ఎత్తేదాన్ని కాదు, రాత వంకర పోతుందని. అరవై నంబర్లు పిలవడానికి నాలుగు నిమిషాలు. తర్వాత మనుషులను లెక్కపెట్టేదాన్ని. టిక్కులు ముప్పై ఉంటే తలలూ ముప్పై ఉండేవి. ఏ రోజూ తేడా రాలేదు.

నర్సమ్మ నాకు మొదటి రోజే తెలిసింది. నలభై అయిదేండ్లుంటయి. యాభై ఒకటో ఇల్లు. భర్త చనిపోయాడు, ఇంట్లో మంచాన పడ్డ అత్త. గుట్ట పక్కన ఎకరం మొరం చెల్క ఉన్నది, ఆరేండ్ల నుంచి సాగు లేక పడావు పడ్డది. ఆమె ఖాళీ డ్రమ్ములు కడిగే షెడ్డులో పనిచేసేది. ఎక్కడెక్కడి కంపెనీల నుంచో డ్రమ్ములు వస్తయి, లోపల ఏముండెనో ఎవరూ చెప్పరు. ఆమె అరచేతులు చూసి నేను బెదిరిపోయిన. తోలు తెల్లగా ఉబ్బి పొరలు పొరలుగా లేస్తున్నది.

“ఈ చేతులతోని గడ్డపార ఎట్ల పడుతున్నవ్?” అని అడిగిన.

“మండుతదమ్మా. మండితె మండనీ, ఇక్కడ వాసన లేదు గద. అక్కడ అన్నం తిన్నా గదే వాసన, పండుకున్నా గదే వాసన.”

“మరి మళ్లీ షెడ్డుకు పోవా?”

“నా చెల్కల జెర నల్లమట్టి పడితె జొన్న ఏసుకుంట, కంది ఏసుకుంట. ఇగ ఆ దిక్కు మొకం పెట్టను. మేస్త్రీకి చెప్పే వచ్చిన. నా జాగల వేరేదాన్ని పెట్టుకున్నడు గూడ.”

అంటే వెనక్కి పోయే దారి మూసుకునే వచ్చింది. మట్టి వస్తే ఆ ఎకరం, రాకపోతే ఏ షెడ్డు తీసుకుంటే ఆ షెడ్డు. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచే తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇరవై నాలుగో రోజు హైదరాబాద్ నుంచి పెద్దవాళ్లు చూడడానికి వచ్చారు. కట్ట మీద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. నేను రిజిస్టరు చూపించిన. ఊరు ఊరంతా కదిలింది, పటేండ్ల ఇండ్లతో సహా, ఇది చూడండి అన్న. ఒకాయన పేజీలు తిప్పి, ఇంత నీటైన రిజిస్టరు నేనెక్కడా చూడలేదన్నాడు. ఆ వారమంతా ఆ మాట మీదనే బతికిన.

యాభై ఒకటి

పని అయిపోయిన ఆదివారం పొద్దున బడి వరండాలో మీటింగు. కట్ట పక్కన పోసిన మట్టి నూట ఎనభై ట్రాక్టర్లని తేలింది. ఇరవై రోజులు నిండిన ఇండ్లు నలభై నాలుగు. ఇంటికి నాలుగు ట్రాక్టర్లు పోను నాలుగు మిగులుతయి, అవి బడి చెట్లకు. లెక్క అంత బాగా కుదిరింది.

ఒకటి నుంచి చదవడం మొదలుపెట్టిన. “పన్నెండు, విఠల్‌రెడ్డి, ఇరవై రోజులు, నాలుగు ట్రాక్టర్లు.” అట్లా పోతూ పోతూ, “యాభై ఒకటి, నర్సమ్మ, సున్నా రోజులు, మట్టి లేదు. యాభై రెండు...”

యాభై నాలుగు దాకా చదివేసిన. అక్కడ ఆగిన. నేను ఏం చదివిన? తల ఎత్తి చూస్తే నర్సమ్మ నా ముందరనే, రెండో వరుసలో కూర్చుని ఉన్నది. చీర అంచుకు కుంట మట్టి ఇంకా అంటుకునే ఉన్నది.

“అమ్మా, నాది మళ్ల సదువు,” అన్నది.

చూసిన. ప్రతి గడిలో చిన్న సున్నా. ముప్పై రెండు సున్నాలు, అన్నీ ఒకే కొలత, నా చేతివే.

“సున్నా ఉంది నర్సమ్మా.”

“నేను దినాం వచ్చిననా లేదా?”

“వచ్చినవ్.”

“నువ్వు నన్ను సూసినవా లేదా?”

“చూసిన.”

“మరి సున్న ఏంది?”

జవాబు చెప్పింది నేను కాదు. పటేలు భార్య సువర్ణమ్మ. గొంతులో కోపం లేదు, దాపరికం లేదు. కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పింది.

“అది మా తరఫున వచ్చింది మేడం. ఇరవై దినాలు మాది, ఇంకో పన్నెండు దినాలు పదమూడో నంబరు, మా మరిది వాళ్లది. మీరే అంటిరి గద, బదులు పంపొచ్చని.”

“మరి నీ నంబరుకు ఎందుకు పలకలేదు నర్సమ్మా?” అని అడిగిన. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుత.

“ఒక మనిషి ఒక్కపారే ఉన్న అనాలంటివి. పటేలమ్మది పన్నెండు, ముందల వచ్చె. నాది యాభై ఒకటి, ఎనక వచ్చె. ముందల నోరు తెరిస్తె ఎనక మూసుకోవాలె గద.”

“నాకు ఒక మాట చెప్పొద్దా?”

“సూస్తున్నవ్ గద అనుకున్న.”

ఆమె చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. ఆ నియమం నేనే రాసిన, దొంగ హాజరు పడొద్దని. మరి ఆ గొంతులు? ముప్పై రెండు రోజులు పన్నెండో నంబరుకో పదమూడో నంబరుకో పలికిన గొంతు నర్సమ్మదని నాకు తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని చెవి దాకా రానిచ్చి చేతి దాకా రానియ్యలేదు. గడిలో టిక్కు పడ్డది కదా, అంతే.

మీటింగు ఆపేసి, రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగిన. ఎవరి నంబరుకు ఎవరు వచ్చారని ఒక్కొక్కరినీ విడిగా అడిగి రాసుకున్న. ఇది తేలింది. మొత్తం తొమ్మిది వందల అరవై పనిరోజులు. మట్టి వచ్చిన నలభై నాలుగు ఇండ్లలో సొంత మనుషులు వచ్చినవి పద్దెనిమిది. మిగిలిన ఇరవై ఆరు ఇండ్ల పని, అంటే అయిదు వందల ఇరవై రోజులు, చేసింది పంతొమ్మిది మంది ఆడవాళ్లు. ఆ పంతొమ్మిది మందీ మట్టి రాని పదహారు ఇండ్ల వాళ్లే. తమ పేరు మీద వాళ్లందరికీ కలిపి పడ్డవి ఎనభై రోజులు. ఊరంతా కదిలిందని నేను ఫోటోలు తీయించిన ఊర్లో జరిగింది ఇది.

ఎందుకు పోయిన్రు అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. బర్రెకు గడ్డి పటేండ్ల గట్ల మీద కోసుకోవాలె. బోరు నీళ్లు వాళ్ల బావి కాడ పట్టుకోవాలె. పొయ్యిరా అంటే పోవాలె. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. సువర్ణమ్మ పొద్దున్నే సద్ది కట్టి కూడా ఇచ్చేదట.

పెద్దసారు మాట

ఆ లెక్క పట్టుకుని సంగారెడ్డి ఆఫీసుకు పోయిన. జాబితా రద్దు చేద్దామన్న. సారు మొత్తం చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకు కూడా బాధ కలిగింది, అది నేను చూసిన.

“తీర్మానం ఎవరు చేసిన్రు?” అన్నారు.

“ఊరు సార్.”

“సంతకాలు ఎవరివి?”

“అందరివీ. ఈ ఆడవాళ్ల వేలిముద్రలు కూడా ఉన్నయి.”

“మరి ఊరు చేసుకున్న నిర్ణయాన్ని నువ్వు, నేను ఎట్ల మారుస్తం? మార్చినంక అది ఊరి పనెట్ల అయితది, మన పని అయితది గాని?”

ఇరవై అయిదేండ్లు నేను ఊర్లలో చెప్పిన మాటే అది. అది ఇట్లా కూడా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. సారు చెడ్డవాడు కాదు. మంచి పద్ధతిని అన్నిటికంటె పైన కూర్చోబెట్టినవాళ్లు ఇట్లాంటి చోటికే వస్తారు. నేనూ అక్కడికే వచ్చిన, ఆయన కంటె ముందే.

రెండో తప్పు

మొదటి తప్పు మీకు చెప్తే చాలామంది తల ఊపుతారు. రెండోది చెప్తే ఎవరూ ఒప్పుకోరు, ఎందుకంటే అందరం చేసేది అదే.

సారు కాదన్నా, ఆ తర్వాతి ఆదివారం నేనే మీటింగు పెట్టిన. నిజం ఊరందరి ముందు చదివితే ఊరు సిగ్గుపడి సరిచేసుకుంటుందనుకున్న. తాజా కాగితం మీద పంతొమ్మిది పేర్లు రాసిన, ఈసారి నంబర్లు లేకుండా.

“నర్సమ్మ, ముప్పై రెండు రోజులు,” అని చదివిన.

నర్సమ్మ చుట్టూ చూసింది. “ఎవరు, నేనా? నేనేడ తవ్వినమ్మా? పటేలమ్మ సద్ది పట్టుకొని పోయిన, గంతె.”

నేను బిత్తరపోయి రెండో పేరు చదివిన. పోచమ్మ, ముప్పై ఒకటి.

“నేను మందికి తాగనీకి నీళ్ల బిందె మోసిన మేడం. గడ్డపార లేపెటంత బలం నాకేడిది? సూడు, ఎట్లున్ననో.” జబ్బలు చూపించింది. అందరూ నవ్వారు. పటేలు కూడా నవ్వాడు.

పంతొమ్మిది మందిలో పంతొమ్మిది మందీ కాదన్నారు. నాకు స్వయంగా తమ ఇండ్లల్లో కూర్చుని రోజులు లెక్కపెట్టి చెప్పిన మనుషులు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్న.

తర్వాత బస్సు ఆగే చోట నర్సమ్మ నా పక్కకు వచ్చి కూర్చున్నది. కోపమే లేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

“మంది ముందల నేను తవ్విన అంటె, రేపు నా బర్రె ఏ గట్టు మీద మేస్తది? నువ్వు పదకొండు గంటల బస్సుకు పోతవు. నేను ఏ బస్సుకు పోవాలె?”

“నాకు చెప్పినవు కదా నర్సమ్మా.”

“నీకు చెప్పిన. మందికి చెప్పుమన్ననా? సదువాల్నా అని ఒక్క మాట అడిగినవా?”

అడగలేదు. రోజులు అడిగిన, వారాలు అడిగిన, ఎవరి నంబరుకు ఎవరని అడిగిన. అందరి ముందు చదవాల్నా అని అడగలేదు. వాళ్ల నోటితో వాళ్లు చెప్పుకునేటట్టు చేయడమే నా ఉద్యోగం. నేను వాళ్ల నోటిని నా చేతిలోకి తీసుకున్న.

బస్సు వచ్చింది. “మరి నీ చెల్క?” అన్న ఎక్కుతూ.

“సూద్దాం. నువ్వు మాత్రం ఇగ ఏం సదువకు,” అన్నది.

నడుం నొప్పి

మట్టి ఇంకా కట్ట పక్కనే ఉన్నది. దాన్ని ట్రాక్టర్లలోకి ఎత్తాలె. మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గరికొస్తున్నది. మొదటి గట్టి వాన పడితే మట్టంతా మళ్లీ కుంటలోకే జారుతుంది.

సోమవారం ఎత్తుడు మొదలు కావాలె. నేను పోతే రెండు ట్రాక్టర్లు ఖాళీగా నిలబడి ఉన్నయి. తమ మట్టి తామే ఎత్తుకునే ఇండ్ల వాళ్లు కొందరు ఇంకో ట్రాక్టరులోకి మెల్లగా ఎత్తుకుంటున్నారు. మిగిలినదానికి మనుషులు లేరు. పోచమ్మకు నడుం నొప్పి. ఇంకొకామెకు చుట్టాలింట్లో పెండ్లి. ఇంకొకామెకు కన్ను వాచింది. మంగళవారం ఇంకో ఇద్దరికి జ్వరం. ఎవరూ రానని అనలేదు. వస్తం పటేలమ్మా, జెర తగ్గనీ అన్నారు. అట్లా తొమ్మిది రోజులు.

తొమ్మిదో రోజు పడమటి దిక్కున మబ్బు పట్టింది. పటేలు నా దగ్గరికి గబగబా వచ్చాడు, మోకాళ్ల నొప్పి మరిచిపోయి.

“మేడం, ఒక్క జేసీబీ దింపనియ్యి. ఒక్క పూటల అయిపోతది.”

నేను నోరు తెరిచేలోపు కట్ట కింద గడ్డి కోస్తున్న నర్సమ్మ అక్కడి నుంచే అరిచింది.

“మిషను దిగొద్దని మీటింగుల రాసిన్రు గద పటేలా! నేను ముద్ర గూడ ఏసిన.”

ఆమెకు చదువు రాదు. నేను రెండుసార్లు చదివిన తీర్మానం ఆమెకు మాట పొల్లు పోకుండా గుర్తున్నది. ఆ తొమ్మిది రోజుల నడుం నొప్పులు ఏమిటో అప్పుడు, ఆ కట్ట మీద నిలబడి ఉండగా, నాకు అర్థమైంది. అంతదాకా నేను నిజంగా జ్వరాలనే అనుకున్న. ఒకామెకు గోళీలు కూడా తెచ్చిచ్చిన.

పటేలు నన్ను చూశాడు. “మేడం, మీరు ఒక్క మాట అంటె అయిపోతది.”

“ఊరు చేసుకున్న నిర్ణయం పటేలా,” అన్న. “నేనెట్ల మారుస్త?”

ఆయన అక్కడికక్కడే మా పెద్దసారుకు ఫోను చేశాడు. సారు ఏమన్నారో నాకు వినపడలేదు. పటేలు మాత్రం ఫోను జేబులో పెట్టుకుని, “ఆయన గూడ గదే అంటున్నడు,” అన్నాడు. మొత్తం ఈ సంగతిలో నేను సరిగ్గా చేసిన పని ఆ ఒక్క మాట. అది కూడా నాది కాదు.

సాయంత్రం సువర్ణమ్మ నర్సమ్మ ఇంటికి పోయింది. నేను అప్పటికే అక్కడ గడప పక్కన కూర్చుని ఉన్న, లేవబోతే నర్సమ్మ చేత్తో కూర్చోమన్నది.

“ఏంది నర్సమ్మ, నీకు గూడ నడుమేనా?” అన్నది సువర్ణమ్మ.

“నడుమే పటేలమ్మా. వంగొస్త లేదు.”

“ఏం జేస్తె తగ్గుతదట?”

“నల్లమట్టి పట్టీ ఏస్తె తగ్గుతదంటున్నరు.”

“ఎంత మట్టి గావాలె?”

“ఏడు ట్రాక్టర్లు.”

సువర్ణమ్మ ముందు గుడ్లురిమింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “నీ నడుము పాడుగాను! ఏడు ట్రాక్టర్ల నడుము ఏడన్న ఉంటదా? రెండు.”

“నా ఒక్కదానిదే గాదు గద, పదహారు ఇండ్ల నడుములు పోయినయి. అందరం గలిసే మంచం పట్టినం.”

“అందరికంటె మాకేం మిగులుతది?”

“మీకెంతో మాకంత. ఇంటికి మూడు. మేడమున్నది, లెక్క అడుగు.”

ఇద్దరూ నా దిక్కు చూశారు. అరవై ఇండ్లు, తలా మూడు, నూట ఎనభై. సరిగ్గా కుదిరింది. కుదిరిందని తల ఊపిన. బడికి ఏమీ మిగలదని అనలేదు. బడి ఏమీ తవ్వలేదు. “కానీ, మావోళ్లకు నేను చెప్త,” అని సువర్ణమ్మ లేచింది.

పటేలుకు మూడు, కట్ట ఎక్కనివాళ్లకు మూడు, ముప్పై రెండు రోజులు తవ్విన మనిషికి మూడు. న్యాయం అదేనా అని నాకు ఒళ్లు మండింది. సువర్ణమ్మ పోయినంక నర్సమ్మను అడిగిన, ఏడు అడిగి మూడుకు ఎందుకు ఒప్పుకున్నవని.

“మూడే అనుకొని అడిగినమమ్మా. మొదటి దినం నుంచి మూడే,” అన్నది. “అంతకెక్కువ తీసుకుంటె గడ్డి కోసుకోనిస్తరా?”

మర్నాడు పొద్దున పంతొమ్మిది మంది నడుములూ ఒక్కసారే తగ్గినయి. నాలుగు రోజుల్లో కట్ట ఖాళీ అయింది. అయిదో రోజు వాన పడింది.

ఎకరం

నర్సమ్మ చెల్కలో ఆమె మూడు ట్రాక్టర్లు గుమ్మరించినప్పుడు నేను అక్కడే ఉన్న. మూడు కుప్పలు. ఎకరానికి చాలవు, సగానికి వస్తయేమో. నేను రసీదు పుస్తకం తెరిచి, మట్టి ముట్టినట్టు వేలిముద్ర వేయమన్న.

ఆమె పుస్తకాన్ని చూసింది, నన్ను చూసింది.

“రాయకమ్మా. నాకు ముట్టింది, నీకు తెలుసు, పటేలమ్మకు తెలుసు. రాస్తె మళ్ల ఎవరి నంబరు కిందికి పోతదో.”

పుస్తకం మూసిన. ఆ పుస్తకంలో యాభై తొమ్మిది రసీదులు ఉన్నయి. అరవయ్యోది ఖాళీ. ఆడిట్‌లో రెండుసార్లు అడిగారు, నాకు గుర్తులేదన్న. అబద్ధం.

“షెడ్డుకు మళ్లీ పోతవా?” అని అడిగిన. అడగడానికి భయపడుతూనే అడిగిన.

“నాకేడ తీరికమ్మా? ఇంత మట్టి సదును జేయాలె, వాన మీద వాన వస్తున్నది.” గంప నింపి లేవనెత్తుతూ, ఇంకో గంప కాలితో నా దిక్కు జరిపింది. “బస్సుకు ఇంక గంట ఉన్నది గద. ఊకె నిలబడకపోతె నాలుగు గంపలు పోయ్యి.”

చెప్పులు గట్టు మీద విడిచి, పుస్తకం వాటి మీద పెట్టి దిగిన. తడి మట్టి ఎంత బరువుంటదో ఇరవై అయిదేండ్లు దాన్ని రాసిన నాకు తెలియదు. మూడో గంపకే చేతులు వణికినయి. ఆమె చూసి నవ్వింది గాని ఆపమనలేదు.

బస్సు వచ్చేలోపు పద్నాలుగు గంపలు పోసిన. ఎక్కడా రాయలేదు.